చిన్న గిన్నె లెక్క

మా పాపకు రెండేళ్ళు నిండిన నెలలో నేనొక పని పెట్టుకున్నాను. వంటింటి గట్టు మీద చిన్న ఎలక్ట్రానిక్ కాటా, దాని పక్కన ఒక నోటుపుస్తకం. పాప కోసం వండే ప్రతి గింజనూ కడగకముందే తూచి రాశాను. నెలాఖరున కూడితే బియ్యం, రాగులు, గోధుమరవ్వ అన్నీ కలిపి రెండు కిలోలకు కాస్త తక్కువ. పప్పులు కిలో లోపే. నమ్మబుద్ధి కాక మళ్ళీ కూడాను. లెక్క అదే.

ఈ తూకాలకు కారణం డబ్బు. అంతకు ముందు నెల ఇంట్లోకి సరుకులన్నీ ఆర్గానిక్‌వే తెచ్చాం. బియ్యం, పప్పులు, నూనె, బెల్లం, పాలు, కూరలు, అన్నీ. పదిహేనో తేదీ వచ్చేసరికి తిండికని పక్కన పెట్టిన డబ్బు అయిపోయింది. మిగిలిన రెండు వారాలూ పళ్ళు తగ్గించాం, గుడ్లు తగ్గించాం, ఆకుకూర వారానికి ఒకసారికి వచ్చింది. పిల్ల మంచి కోసం మొదలుపెట్టిన ఖర్చు చివరికి పిల్ల కంచంలోనే కోత పెట్టింది. అది నన్ను చాలా బాధపెట్టింది.

నా నోటుపుస్తకం లెక్క తప్పేమో అనుకుని పుస్తకాలు తిరగేశాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రచురించిన ఆహార మార్గదర్శకాల్లో ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజుకు ఏది ఎంత పెట్టాలో పట్టిక ఉంది. ధాన్యాలు 60 గ్రాములు, పప్పులు 30, ఆకుకూర 50, దుంపలు 50, మిగతా కూరగాయలు 50, పళ్ళు 100 గ్రాములు, పాలు అరలీటరు. నెలకు కడితే ధాన్యం 1,800 గ్రాములు, పప్పు 900 గ్రాములు, ఆకుకూర కిలోన్నర, పళ్ళు మూడు కిలోలు. నా కాటా చెప్పిందీ దాదాపు ఇదే.

ఇప్పుడు దీన్ని రూపాయల్లోకి మార్చి చూడండి. మామూలు బియ్యం కన్నా ఆర్గానిక్ బియ్యం కిలోకు 40 రూపాయలు ఎక్కువ అనుకుందాం. నెలకు పాతిక కిలోల బస్తా దించే ఇంటికి ఆ తేడా వెయ్యి రూపాయలు. పాప తినే 1,800 గ్రాములకైతే 72 రూపాయలు. ఇంటిల్లిపాదికీ ఆర్గానిక్ అంటే మధ్యతరగతి జేబు తట్టుకోలేదు. పాప గిన్నెకు ఆర్గానిక్ అంటే తట్టుకుంటుంది. ఈ రెండింటినీ కలిపేసి ఒకే ఖర్చుగా చూడటం వల్లే చాలా ఇళ్ళలో అయితే అంతా, లేకపోతే అసలేమీ లేదు అన్నట్టు సాగుతోంది.

ఒక ఇంట్లో రెండు వంటలా అని మా అత్తయ్య అడిగారు. రెండు వంటలు అక్కర్లేదు. కుక్కర్‌లో పెద్దవాళ్ళ అన్నం గిన్నె పైన, పాప కోసం పిడికెడు బియ్యం, చెంచా పెసరపప్పు, నాలుగు ముక్కల కూర వేసిన చిన్న స్టీలు గిన్నె మూతపెట్టి కూర్చోబెడితే చాలు. గ్యాస్ అదే, కూతలూ అవే. ఇప్పుడు ఆ గిన్నె అత్తయ్యే పెడుతున్నారు.

పిల్లకు వేరే లెక్క ఎందుకు

పెద్దవాళ్ళను వదిలేసి పిల్ల గిన్నెకే డబ్బు పెట్టడం గారాబం కాదు. శరీరధర్మమే అలా ఉంది. రెండేళ్ళ పిల్ల బరువు సుమారు 12 కిలోలు, రోజుకు కావలసిన శక్తి సుమారు వెయ్యి కిలోకేలరీలు. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి సుమారు 2,100. కిలో బరువుకు ఎంతని చూస్తే పిల్లకు ఎనభైకి పైన, పెద్దాయనకు ముప్ఫై పైచిలుకు. అంటే తన ఒంటి బరువుతో పోలిస్తే పసిపిల్ల రెండున్నర రెట్లు తింటోంది. తిండితో పాటు వచ్చే పురుగుమందు అవశేషం కూడా అదే నిష్పత్తిలో ఒంట్లోకి చేరుతుంది. పైగా పిల్లల తిండిలో రకాలు తక్కువ. ఒక పండు నచ్చిందంటే నెలంతా అదే పండు.

అమెరికాలో జాతీయ పరిశోధన మండలి 1993లో పసిపిల్లల ఆహారంలోని పురుగుమందుల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్ళు కారు, వాళ్ళ పరిమితులు వేరుగా కట్టాలన్నది దాని సారం. 1996లో ఆ దేశం తెచ్చిన చట్టం పిల్లల రక్షణ కోసం పరిమితులను అదనంగా పది రెట్లు బిగించమంది. పిల్లలకు అంత బిగింపు అక్కర్లేదని నమ్మదగిన సమాచారం ఉన్నప్పుడే సడలించవచ్చని కూడా రాసింది.

అంత జాగ్రత్త ఎందుకంటే ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు పనిచేసే తీరు అలాంటిది. మన నరాల మధ్య కబురు మోసే రసాయనం అసిటైల్‌కోలిన్. కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైము ఒకటుంది. ఈ మందులు ఆ ఎంజైమును పట్టేసుకుంటాయి. కబురు చెరగదు, నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, పురుగు గిలగిల్లాడి చస్తుంది. ఇదే ఎంజైము మనకూ ఉంది. ఈ మందులను విరిచి బయటికి పంపడానికి మన ఒంట్లో పారాక్సోనేజ్ అనే మరో ఎంజైము పనిచేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో అది చాలా తక్కువ. కాలిఫోర్నియాలోని సలీనస్ లోయలో వ్యవసాయ కూలీల పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన బర్క్‌లీ శాస్త్రజ్ఞులు, ఏడేళ్ళు వచ్చినా అది పెద్దవాళ్ళ స్థాయికి చేరలేదని చూశారు. మెదడు అల్లుకుంటున్న వయసు కూడా అదే.

ఇక్కడ భయపెట్టి వదిలేస్తే అన్యాయం. అవశేషం కనబడిందంటే హాని జరిగిందని కాదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఒక పంటకు ప్రత్యేకంగా హద్దు రాయని మందుకు సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాము హద్దు పెట్టింది. పది టన్నుల లారీలు పదింటి నిండా ఉన్న సరుకులో ఒక్క గ్రాము అన్నమాట. నేటి యంత్రాలు అంత సన్నపు జాడను కూడా పట్టేస్తాయి.

ఇంకో మాట కూడా ధైర్యం ఇస్తుంది. 2006లో వెలువడిన సియాటిల్ అధ్యయనంలో 3 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 23 మంది 15 రోజులు పాల్గొన్నారు. మధ్యలో అయిదు రోజులు వాళ్ళు తినే వాటిలో చాలావరకు ఆర్గానిక్‌వి ఇచ్చారు. మాలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ మందుల గుర్తులు మూత్రంలో వెంటనే పట్టుకోలేనంతగా పడిపోయాయి. మళ్ళీ మామూలు తిండికి రాగానే తిరిగి కనబడ్డాయి. ఈ రకం మందులు ఒంట్లో పేరుకుపోకుండా కొద్ది రోజుల్లో బయటికి పోతాయని దీనివల్ల తెలుస్తోంది. అందుకే పెళ్ళి భోజనమో, అమ్మమ్మగారింట్లో వారమో కొంప ముంచదు. రోజూ పడే గిన్నె ఎలాంటిదన్నదే లెక్క.

ఆర్గానిక్ తిండిలో విటమిన్లు ఎక్కువని చాలామంది నమ్ముతారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే దానికి గట్టి ఆధారం దొరకలేదు. మందు అవశేషాలు కనబడే అవకాశం మాత్రం తక్కువని తేలింది. నేను పెట్టే ప్రతి అదనపు రూపాయీ ఈ రెండో దానికే. అవశేషం ఎక్కువ ఉండే చోట డబ్బు పెట్టాలి, లేని చోట పెట్టకూడదు.

రోజు విడిచి రోజు కోసేవి

ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది ల్యాబు లేకుండా ఎలా తెలుస్తుంది? నాకు ఈ పాఠం రైతుబజారులో దొరికింది. 1999లో మొదలైన ఈ బజార్లలో పండించిన మనిషే మన ఎదురుగా కూర్చుంటారు. చేవెళ్ళ వైపు నుంచి వచ్చే ఒక అక్క దగ్గర లేత బెండకాయలు ఏరుతూ అడిగాను.

"ఎప్పుడు కోశారక్కా?"

"పొద్దుగాల కోసినమమ్మా. ఇంకా మంచు కూడా ఆరలే."

"మందెప్పుడు కొట్టారు?"

"మొన్న సాయంత్రం కొట్టినం. కొట్టకపోతే కాయంత పురుగే ఉంటది, నువ్వే తీసుకోవు."

ఆమె దాచలేదు, అబద్ధం చెప్పలేదు. ఆమె మాటలోనే విషయమంతా ఉంది. ప్రతి మందు డబ్బా మీదా, కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని రాసి ఉంటుంది. మందును బట్టి, పంటను బట్టి ఒకటి రెండు రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా ఉండొచ్చు. వరి, కంది, గుమ్మడి లాంటివి కోత ఒకటి రెండు సార్లే కాబట్టి ఆగడం రైతుకు కష్టం కాదు. బెండ అలా కాదు. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి పీచెక్కుతుంది. వారం ఆగమంటే మూడు కోతల రాబడి పోగొట్టుకోమన్నట్టే. వంకాయ, పచ్చిమిర్చి, దొండ, కాకర, చిక్కుడు, అన్నిటిదీ ఇదే చిక్కు. పువ్వూ పిందే కాయా ఒకే చెట్టు మీద ఒకేసారి ఉంటాయి. పిందె కోసం కొట్టిన మందు పక్కనున్న కాయ మీదా పడుతుంది. ఇందులో రైతు దుర్మార్గం ఏమీ లేదు. పంట స్వభావం, మచ్చలేని కాయే కావాలనే మన పట్టుదల కలిసి ఈ పరిస్థితి తెచ్చాయి.

అప్పటి నుంచి నేను కూరలను రెండుగా చూస్తున్నాను. తరచూ కోసేవి, తొక్కతో తినేవి, రేకుల మధ్య మందు దాక్కునేవి ఒక వైపు. బెండ, వంగ, పచ్చిమిర్చి, క్యాప్సికం, కాలీఫ్లవర్, కొత్తిమీర, పుదీనా, ద్రాక్ష ఇందులోకి వస్తాయి. ద్రాక్షకు తెగుళ్ళ మందులతో పాటు పెరుగుదల మందులూ కొడతారు. 2010లో మన ద్రాక్ష ఐరోపాలో చిక్కుల్లో పడింది అలాంటి క్లోర్‌మెక్వాట్ అవశేషం వల్లనే. పాపకు పెట్టే ఈ రకాలు మాత్రమే ఆర్గానిక్‌వి కొంటాను, దొరకకపోతే వేరే రకానికి మారతాను.

రెండో వైపు కంద, చేమ, చిలగడదుంప, గుమ్మడి, ఉల్లి, అరటికాయ, అరటిపండు, బొప్పాయి, పుచ్చకాయ, కొబ్బరి. మందం తొక్క ఒలిచి తినేవి, మట్టిలో పెరిగేవి, మందు అంతగా అవసరం పడనివి. ఇవి మామూలువే కొంటాను. మన పల్లెల్లో మందు ఊసే లేని పళ్ళు కూడా ఉన్నాయి. పాలమూరు గుట్టల మీది సీతాఫలం, చెరువు గట్టు నేరేడు, తాటిముంజలు, రేగుపళ్ళు. సీతాఫలానికి ఆర్గానిక్ చీటీ అంటించి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. గింజలు మాత్రం పిల్ల నోట్లోకి పోకుండా మనమే తీసి పెట్టాలి.

బియ్యం సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ధాన్యం మీద పడిన మందులో ఎక్కువ భాగం ఊకలో, తవుడులో ఉండిపోతుంది. మర పట్టి తెల్లగా పాలిష్ చేసిన బియ్యంలో మిగిలేది తక్కువ. దంపుడు బియ్యంలో తవుడు పొర ఉంటుంది కాబట్టి పోషకాలతో పాటు అవశేషమూ ఎక్కువ ఉండే వీలుంది. కాబట్టి దంపుడు బియ్యం తినేవాళ్ళకు ఆర్గానిక్ అర్థమున్న ఖర్చు, తెల్ల బియ్యానికి అంత కాదు. మా ఇంట్లో పెద్దవాళ్ళం మామూలు సన్నబియ్యమే తింటున్నాం.

గుడ్డు దగ్గర కూడా డబ్బు ఆపుకోవచ్చు. పెంకు రంగు కోడి జాతిని బట్టి, పచ్చసొన రంగు మేతను బట్టి వస్తాయి. రెండింటికీ మాంసకృత్తులతో సంబంధం లేదు. మామూలు గుడ్డు గట్టిగా ఉడికించి పెడితే చాలు. నెలకు 15 లీటర్ల పాలు మాత్రం పాప ఖర్చులోనే పెద్దది. ఆర్గానిక్ పాల మీద అంత పెట్టే బదులు ఆ డబ్బు పళ్ళకూ ఆకుకూరకూ మళ్ళించడం మేలని నా నిర్ణయం. ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. ఫారం నుంచి నేరుగా వచ్చాయి, సహజమైనవి, కాచనక్కర్లేదు అని పచ్చిపాలు అమ్మేవాళ్ళున్నారు. క్షయ, బ్రూసెల్లోసిస్ లాంటివి పచ్చిపాల ద్వారా రావచ్చు. పొంగు రానిచ్చి కాచాకే పిల్లకు పట్టాలి.

వంటసోడా పావుగంట

మామూలు కూరలు కొన్నప్పుడు కడగడమే మన చేతిలో ఉన్న సాధనం. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 2017లో ఆపిల్ పళ్ళకు రెండు మందులు పట్టించి రకరకాలుగా కడిగి చూశారు. ఉత్త నీళ్ళ కన్నా, పళ్ళ కంపెనీలు వాడే బ్లీచింగు నీళ్ళ కన్నా వంటసోడా నీళ్ళు బాగా పనిచేశాయి. లీటరు నీటికి 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు నాననిస్తే పై మందు దాదాపు పోయింది. ఆ క్షార గుణానికి ఆ మందుల అణువులు విరిగిపోతాయి. అయితే అదే అధ్యయనంలో ఒక మందు అయిదో వంతు దాకా తొక్క దాటి లోపలికి ఇంకిపోయింది. దాన్ని ఏ నీళ్ళూ తియ్యలేవు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఎలాగూ మొక్క పీల్చుకుని ఒళ్ళంతా పాకించుకునే మందులు. కడగడం సగం పరిష్కారమే. కూర తరిగాక కాకుండా తరగకముందే నానబెట్టాలి, తర్వాత ధార కింద బాగా కడగాలి. సబ్బు వాడకూడదు. ఆర్గానిక్ కూరలనూ కడగాల్సిందే, పశువుల ఎరువుతో వచ్చే సూక్ష్మజీవులకు చీటీలు తెలియవు.

రాగి మొలకలు

ఇక ఆదా మాట. పసిపిల్లల ఆర్గానిక్ ఆహారమని రంగురంగుల డబ్బాల్లో వచ్చే పొడుల వెనుక పదార్థాల జాబితా చదవండి. చాలావాటిలో రాగులు, బియ్యం, పెసరపప్పు, కాస్త పంచదార, వాసన. మన అమ్మమ్మలు ఉగ్గు అని పెట్టింది ఇదే. కిలో ఆర్గానిక్ రాగులు కొని ఇంట్లో మాల్టు చేసుకుంటే నెలంతా వస్తుంది.

చేసే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇందులో ఉన్న విజ్ఞానం చాలా అందమైనది. రాగులను రాళ్ళు ఏరి, నాలుగైదు సార్లు కడిగి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున నీళ్ళు వంపి తడి పంచెలో మూటగట్టి గాలి తగిలే చోట పెట్టాలి. ఆరారగా నీళ్ళు చిలకరించాలి. ఒకటి, ఒకటిన్నర రోజుకు మూట విప్పితే ఎర్రటి గింజల మధ్య తెల్లటి సన్నని వేళ్ళు దారాల్లా అల్లుకుని ఉంటాయి, పచ్చి మట్టి వాసన వస్తుంది. ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి, అరచేతులతో నలిపి వేళ్ళు రాల్చి, సన్నసెగ మీద కొద్దిగా వేపి మర పట్టించాలి. వానాకాలంలో మూటకు ముక్క వాసన వచ్చినా, నూగు బూజు కనబడినా మొత్తం పారేయాలి. ఏరి వాడుకోవద్దు.

గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విరిచే అమైలేజ్ ఎంజైమును తయారు చేసుకుంటుంది. మొలకకు అదే ఆహారం. మామూలు పిండితో జావ కాస్తే పిండి కణాలు నీళ్ళు పీల్చి ఉబ్బి గట్టిపడతాయి. పిల్ల మింగేలా పలుచన చేయాలంటే నీళ్ళు పొయ్యాలి. నీళ్ళు పోస్తే కడుపు నిండుతుంది గాని శక్తి అందదు. పసిపిల్ల పొట్ట ఎంతని? మాల్టు పిండి అలా కాదు. జావ వేడెక్కుతున్నప్పుడు అమైలేజ్ పిండి గొలుసులను కత్తిరిస్తుంది, అది జారుగా ఉంటుంది. అందుకని అదే గ్లాసులో దాదాపు రెండింతలు పిండి పట్టించవచ్చు. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ 1980లలో దీనిమీద పనిచేశారు. చిక్కగా ఉడికిన గోరువెచ్చని జావలో చెంచాడు మొలకల పిండి కలిపితే నిమిషాల్లో పలచబడుతుంది. ఒకసారి మీరే చేసి చూడండి, గరిటె బరువు మారిపోవడం చేతికి తెలుస్తుంది. తర్వాత మళ్ళీ ఒక పొంగు రానివ్వాలి. గింజలు బాగా మాడ్చి వేపితే మాత్రం ఎంజైము చచ్చిపోతుంది, మామూలు పిండే మిగులుతుంది.

రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ధాన్యాల్లో ఇంకేదీ దీని దరిదాపుల్లోకి రాదు. ఇనుమూ ఉంది, కానీ గింజలోని ఫైటేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. మొలకెత్తినప్పుడు ఆ ఫైటేట్ కొంత విరుగుతుంది. జావతో పాటు జామ ముక్కో, కాస్త నిమ్మరసమో ఇస్తే విటమిన్ సి వల్ల ఇనుము ఇంకా బాగా ఒంటబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందుకే ఆర్గానిక్ దొరకలేదని పిల్లకు ఆకుకూర మానేసే ఇంటిని చూస్తే నాకు దిగులు. మామూలు తోటకూర కడిగి వండి పెట్టడం, ఏ ఆకూ పెట్టకపోవడం కన్నా ఎన్నో రెట్లు నయం.

బాల్కనీ, పొలం, కొట్టు

ఆకుకూరకైతే మార్కెట్టు మీద పూర్తిగా ఆధారపడనక్కర్లేదు. పాపకు కావలసింది రోజుకు 50 గ్రాములు. నాలుగు గంటలు ఎండ పడే బాల్కనీలో పాత నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు నాలుగు ఉంటే మెంతికూర మూడు వారాల్లో, తోటకూర నెల లోపు చేతికొస్తాయి. ఒక దానిలో బచ్చలి తీగ పాకిస్తే కోసిన కొద్దీ వస్తూనే ఉంటుంది. కరివేపాకు మొక్క తప్పకుండా పెంచండి. బజారు కరివేపాకుకు మందులు బాగానే కొడతారు, రోజూ తాలింపులో పడేదీ అదే. మా కుండీలో కరివేపాకు మొక్క మీద సీతాకోకచిలుక గొంగళిపురుగులు చేరతాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉండి పెద్దయ్యాక ఆకుపచ్చ రంగుకు తిరుగుతాయి. పాప పొద్దున లేవగానే వాటిని చూడ్డానికే పరుగెడుతుంది. నాలుగు రెమ్మలు వాటికి వదిలేస్తాం.

మరీ పురుగు ఎక్కువైతే వేపగింజల కషాయం. లీటరు నీటికి 50 గ్రాముల గింజల పొడి మూటగట్టి రాత్రంతా నానబెట్టి, వడపోసి చల్లాలి. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనమంతా ఊడ్చేసినా వేపచెట్లను ముట్టకపోవడం జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ ష్ముట్టరర్ గమనించాడు. తర్వాతి పరిశోధనల్లో దాని వెనుక అజాడిరాక్టిన్ అనే పదార్థం ఉందని తేలింది. అది పురుగుకు తిండి సయించనివ్వదు, కుబుసం విడవనివ్వదు. సహజమైనది కదా అని వేపనూనె చంటిపిల్లల నోట్లో పొయ్యడం మాత్రం ప్రమాదం, మెదడు వాచి ప్రాణం మీదికి వచ్చిన పిల్లలున్నారు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడమూ వద్దు, అందులో బోట్యులిజం సూక్ష్మజీవి బీజాలు ఉండే వీలుంది.

పప్పులు, రాగులు, వేరుశనగలు మేం నలుగురం కలిసి కొంటాం. అపార్టుమెంట్లో నాలుగు కుటుంబాలు చేతులు కలిపితే కోతల కాలంలో రైతు దగ్గర ఒక బస్తా దింపుకోవచ్చు. ప్యాకింగూ, దుకాణం అద్దె, మధ్య మనుషుల వాటా తప్పుతాయి. మందుల్లేని సేద్యం మన దగ్గర కొత్తదేం కాదు. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి జనగామలో ఉన్న ఏనబావి 2006లోనే రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చిరుధాన్యాలను, పొలంలో తానే మొలిచే పొన్నగంటి, గంగవాయిలి లాంటి కూరలను కాపాడుకొచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. ఈ రైతుల్లో చాలామందికి కావలసింది సరుకు ముందుగా చెప్పి, వారం వారం తీసుకెళ్ళే ఇళ్ళు. ధర తగ్గడానికి అంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు.

ప్యాకెట్టు కొంటే దాని మీద ఆర్గానిక్ ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో చూడండి. ధ్రువీకరణ ఇచ్చేవి ఇండియా ఆర్గానిక్, పీజీఎస్ ఇండియా అనే రెండు పద్ధతులు. పీజీఎస్‌లో రైతులు బృందంగా ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఖర్చు తక్కువ. సహజం, స్వచ్ఛం, ఫార్మ్ ఫ్రెష్ అన్న మాటలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు.

ఆర్గానిక్ చీటీ ఆపలేని ప్రమాదాలు రెండు ఇంట్లో ఉన్నాయి. వేరుశనగ సరిగా ఎండకపోతే బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరుతుంది. అది కాలేయానికి చేటు, వేపినా ఉడికించినా చాలావరకు పోదు. ముడతలు పడినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. రెండోది పసుపు. కొమ్ములకు మెరుపు రావడానికి సీసం కలిసిన పసుపుపచ్చ రంగు పూసే మోసం బంగ్లాదేశ్‌లో 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల పనితో బయటపడింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. రంగు పూయని, చూడ్డానికి మెరుపు లేకుండా మట్టిరంగులో ఉండే కొమ్ములు తెలిసిన రైతు దగ్గర కొని ఇంట్లో దంచుకుంటే పొడి ప్యాకెట్టు కన్నా చౌక కూడా.

కిందటి శనివారం రైతుబజారులో చేవెళ్ళ అక్క నన్ను చూసి గంప వెనుక నుంచి ఒక గుడ్డమూట తీసింది. "ఇంటికోసం ఒక సాలు ఇడిసిపెడ్తం, దానికి మందు కొట్టం. పాప కోసమే గద నువ్వడిగేది, తీస్కపో" అంది. అరకిలో బెండకాయలు. వంకరగా, పొట్టిగా ఉన్నాయి. ధర మామూలుదే తీసుకుంది. ఇంటికొచ్చి తరుగుతుంటే రెండు కాయల్లో పురుగు తొలిచిన కన్నాలు కనబడ్డాయి. ఆ మేరకు కోసి పడేసి, మిగిలిన ముక్కలు పాప గిన్నెలో వేసి కుక్కర్‌లో పెట్టాను.